తులనకు ముందు గ్రంథపరీక్ష

ఇద్దరు కవులను ప్రక్కప్రక్కన నిలిపి తూచుట మన సాహిత్యగోష్ఠులయందు చిరకాలముగ నున్న వాడుక. నన్నయ వ్యాసుని కెంతవఱకు లోబడెను, ఎచ్చట స్వతంత్రించెను అను ప్రశ్న ప్రతి విద్యార్థికిని తారసిల్లును. వేమన కబీరుల సామ్యము సంస్కరణసభలలో తఱచుగ వినవచ్చును. బంకించంద్రుడు శకుంతలను షేక్స్పియరు నాయికలగు మిరాండా డెస్డిమోనాలతో పోల్చి వంగభాషలో వ్యాసము వ్రాసినది మొదలు అట్టి పోలికలు దేశమంతట వ్యాపించెను. త్రాసు పట్టువారు పెక్కండ్రున్నారు గాని, తట్టలో పెట్టిన సరకు ఏ అంగడినుండి వచ్చినదో, తూనికరాళ్లు సరియైనవో కావో విచారించువారు కొలదిమందియే. మన చేతనున్న "శాకుంతలము" కాళిదాసుని దేనా? మనము చదివిన "కబీరు" కబీరేనా? నన్నయకు మూలమని మనము తీసిన భారతమును నన్నయ ఎన్నడైన చూచెనా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనక చేసిన తులన ఎంత రమణీయముగ నున్నను అది ఇసుకమీది మేడయే. అందుచేత తులనాత్మక సాహిత్య పరిశోధనకు గ్రంథముల నెట్లు ఎన్నుకొనవలయునను విషయమును, ఆ శాస్త్రచరిత్రనుండియే కొన్ని నిదర్శనములు తీసికొని, ఇచ్చట విచారింప దలచితిమి.

ఈ శాస్త్రము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. జర్మను మహాకవి గెటే 1827లో తన అనుచరుడగు ఎకర్మానుతో మాటలాడుచు, ఒక చీనా నవలను చదివిన ప్రసంగమున, ఇక ఒక్కొక్క జాతి సాహిత్యమునకు ప్రత్యేకముగ గొప్ప అర్థము లేదనియు విశ్వసాహిత్యయుగము సమీపించినదనియు చెప్పెను. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 1877లో, హంగరీ రాజ్యమునకు చేరిన కొలోజ్వారు పట్టణమున హ్యూగో మెల్ట్సల్ అను పండితుడు తన సహచరునితో గూడి సాహిత్యతులనకు ప్రత్యేకముగ నొక పత్రికను స్థాపించెను. 1886లో పాస్నెట్ అను ఐర్లండు దేశీయుడు ఈ శాస్త్రము పేరుతోనే యొక గ్రంథమును ఇంగ్లీషున ప్రకటించెను. మనదేశమున రవీంద్రనాథ ఠాకూరు 1907లో కలకత్తాలోని జాతీయ విద్యాపరిషత్తువారి కోరికపై ఈ విషయముననే ఉపన్యసించి, దానికి "విశ్వసాహిత్య"మని పేరిడెను. ఆ పరిషత్తు వేసిన విత్తనమునుండియే పిమ్మట జాదవపురము విశ్వవిద్యాలయము పుట్టినది. అచ్చట 1956లో బుద్ధదేవ బసు తులనాత్మక సాహిత్యశాఖను నెలకొల్పెను.

ఇంతవఱకు చరిత్ర సుగమమే. కాని ఈ శాస్త్రమును నడపినవారి చేతులలో నున్న పుస్తకము లెట్టివని యడిగినప్పుడు అసలు కథ ప్రారంభమగును. గెటే మహాకవి సంస్కృత మెఱుగడు. ఆయనకు శకుంతలను పరిచయము చేసినది జార్జి ఫోర్స్టరు 1791లో ప్రకటించిన జర్మను అనువాదము. ఫోర్స్టరును సంస్కృత మెఱుగడు. ఆయన సర్ విలియం జోన్సు 1789లో కలకత్తాలో అచ్చువేయించిన ఇంగ్లీషు అనువాదమును తన భాషలోనికి దింపెను. జోన్సు సంస్కృతము నేర్చినవాడే. అయినను ఆయన ముందుగా నాటకమును మాటకు మాటగ లాటినులోనికి మార్చుకొని, పిదప ఇంగ్లీషు చేసెను. కొన్ని శృంగారవర్ణనలను తన దేశపు పాఠకుల రుచికి తగినట్లు మెత్తపఱచెను. కాబట్టి గెటే చేతికి వచ్చునప్పటికి కాళిదాసు మూడు భాషల వడపోత దాటి వచ్చెనన్నమాట.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి యున్నది. జోన్సునకు వంగదేశమున లభించినది వంగపాఠము. శాకుంతలమునకు దేవనాగరపాఠమని వేఱొకటి కలదు. అది వంగపాఠముకంటె పొట్టిది. తృతీయాంకమున ఈ రెంటికిని గల భేదము మిక్కిలి స్పష్టము. నాయికానాయకుల ఏకాంత సంభాషణము వంగపాఠమున చాల విస్తరింపబడి యున్నది. దేవనాగరపాఠమును బెట్లింగు పండితుడు 1842లోను, మోనియర్ విలియమ్సు 1853లోను ప్రకటించిరి. వంగపాఠమే మేలైనదని పిషెల్ పండితుడు వాదించి 1877లో దానిని సంస్కరించి అచ్చొత్తించెను. ఏది కాళిదాసుని స్వహస్తమునకు సమీపమైనదను వివాద మటుంచుడు. శకుంతల ముగ్ధయా ప్రగల్భయా అని నిర్ణయింప బూనినవాడు తన చేతనున్నది ఏ పాఠమో ఎఱుగకున్నచో, ఆ తృతీయాంకమును ఆధారముగ గొని ఏమి చెప్పినను అది కాళిదాసుని గూర్చిన మాట కావచ్చును, ఒకానొక వంగ లేఖకుని గూర్చిన మాటయు కావచ్చును.

అట్లని జోన్సు పుస్తకమును అవతల పాఱవేయవలసినదే యని ఎవరైన తలచినచో అదియు పొరపాటే. మన ప్రశ్న కాళిదాసుని గూర్చినదైనచో మంచి సంస్కృత ముద్రణమును చేపట్టవలయును. గెటేను గూర్చినదైనచో, ఆయన "ఫౌస్టు" నాటకప్రస్తావనకు శాకుంతల ప్రస్తావన ప్రేరకమైనదని పండితులు చెప్పు మాటను పరీక్షింపవలసి వచ్చినచో, ఎంత శుద్ధమైన సంస్కృతపాఠమును ప్రయోజనకారి కాదు. ఫోర్స్టరు చేసిన ఆ జర్మను పుస్తకమే ప్రమాణము. ఏలయన గెటే చదివినది అదియే. ఉత్తమ గ్రంథ మేది యని యడుగుటకు ముందు దేనికి ఉత్తమమని యడుగవలయును. తక్కిన నిదర్శనములన్నియు ఈ సూత్రమునే వివరించును.

పంచతంత్ర చరిత్ర ఇట్టిదే మఱియొకటి. ఆఱవ శతాబ్దిలో పారసీక ప్రభువగు ఖుస్రూ అనూషిర్వాను కాలమున బుర్జోయి అను వైద్యుడు ఆ కథలను పహ్లవీభాషలోనికి మార్చెను. ఆ పుస్తకము నశించినది. కాని దానినుండి సిరియాభాషలోనికిని, ఎనిమిదవ శతాబ్దిలో ఇబ్నుల్ ముకఫ్ఫా చేత అరబ్బీలోనికిని అనువాదములు పుట్టెను. కరటకదమనకులు అచ్చట "కలీలా దిమ్నా" లైరి. అరబ్బీనుండి హెబ్రూలోనికి, దానినుండి పదుమూడవ శతాబ్దిలో లాటినులోనికి, లాటినునుండి యూరపు భాషలలోనికి ఆ కథలు ప్రాకెను. 1570లో థామస్ నార్తు వానిని ఇటాలియనునుండి ఇంగ్లీషు చేసెను. ఫ్రెంచి కవి లా ఫొంతేను 1678లో ప్రకటించిన తన రెండవ సంపుటమునకు హిందూదేశపు "పిల్పే" పండితునికి ఋణపడితినని చెప్పుకొనెను.

ఈ దీర్ఘయాత్రను 1859లో థియొడోరు బెన్ఫే రెండు సంపుటములలో వివరించి, యూరపు కథలలో పెక్కింటికి పుట్టినిల్లు భారతదేశమే యని సిద్ధాంతము చేసెను. ఆ పరిశ్రమ అసాధారణము. అయినను ఆయన అనువదించినది 1848లో కోసెగార్టెను అచ్చొత్తించిన పాఠము. అది పంచతంత్రమునకు మూలరూపము కాదు, తరువాతి కాలమున జైనుల చేతులలో రూపొందిన శాఖలలో నొకటి. పిమ్మట యోహానెస్ హెర్టెలు కాశ్మీరమునుండి వచ్చిన "తంత్రాఖ్యాయిక"ను ప్రకటించెను. ఫ్రాంక్లిను ఎడ్జర్టను శాఖల నన్నింటిని సరిపోల్చి 1924లో మూలమును పునర్నిర్మింప బ్రయత్నించెను. ఒక్కొక్క మంచి ముద్రణము వెలువడినకొలదియు వెనుకటి తులనను మరల తూచుకొనవలసి వచ్చెను. కాబట్టి బెన్ఫేను చదువువాడు ఆయన ప్రతిభను గౌరవించుచు, ఆయన చేతనున్న ప్రతి యేదో జ్ఞాపక ముంచుకొనవలయును.

ఈ సంగతి మన యింటి గడపవఱకును వచ్చును. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన "నీతిచంద్రిక"ను చదువని తెలుగు విద్యావంతుడు ఒకప్పుడు లేడు. అది పంచతంత్రమునకు తెనిగింపని వాడుక. కాని పంచతంత్రమున మొదటిది మిత్రభేదము; నీతిచంద్రికలో మొదటిది మిత్రలాభము. పంచతంత్రమునే మూలముగ చేతబట్టి పోల్చువాడు "సూరి ఏదో విశేషాభిప్రాయముతో క్రమము మార్చె"నని తేల్చి, స్నేహమును ముందుంచి భేదమును వెనుక నుంచుటలోని యుపాధ్యాయహృదయమును గూర్చి నాలుగు పుటలు వ్రాయగలడు. హితోపదేశమును తెఱచి చూచినచో ఆ నాలుగు పుటలును ఎగిరిపోవును. మిత్రలాభము, సుహృద్భేదము, విగ్రహము, సంధి యని దాని వరుస. సూరి ఆ రెండు గ్రంథములను కలుపుకొని నడచెను. ఆయన విడిచిన విగ్రహ సంధులను వీరేశలింగము పంతులుగారు తెలిగించుట కూడ ఆ హితోపదేశపు వరుసకే చేరును. సూరి ప్రతిభ ఆయన శైలిలో నున్నది. దానిని విడిచి ఆయనది కాని క్రమమునకు ఆయనను పొగడుట ఆయనకు మర్యాద కాదు.

ఇక భారతముమాట. మన సాహిత్యమున తులన యనగానే మొట్టమొదట పుట్టునది నన్నయను గూర్చిన ప్రశ్నయే. కావున ఇచ్చట కొంత నిదానించుట యుక్తము.

సంస్కృతభారతము అచ్చున మొదట కలకత్తాలో 1834 మొదలు 1839 వఱకు వెలువడెను. పిమ్మట 1862, 63 ప్రాంతమున బొంబాయిలో నీలకంఠవ్యాఖ్యతో అచ్చయ్యెను. ఈ రెండును ముఖ్యముగ ఔదీచ్యపాఠమును అనుసరించినవి. ఇంగ్లీషు అనువాదములలో ప్రసిద్ధమైనవి కొన్ని వీనినుండి పుట్టినవే. దక్షిణదేశపు వ్రాతప్రతులలోని పాఠము వేఱు. దానిని కుంభకోణమున కృష్ణాచార్య వ్యాసాచార్యులు ఇరువదవ శతాబ్ది మొదటి దశకమునను, మదరాసున పి. పి. యస్. శాస్త్రిగారు 1931 మొదలుకొని కొన్నియేండ్లలోను ప్రకటించిరి. పూనాలోని భండార్కరు ప్రాచ్యవిద్యా సంశోధనమందిరమువారు 1919లో ప్రారంభించిన మహాప్రయత్నము ఈ శాఖలన్నింటిని ఒకచోట చేర్చెను. 1925లో ఆ భారమును వహించిన విష్ణు సీతారామ సుక్థంకరు ఆదిపర్వమును 1933 నాటికి ముగించెను. ఆయన 1943లో మరణించినను తరువాతివారు పని విడువక 1966లో గ్రంథమును సంపూర్ణము చేసిరి. కాశ్మీరమునుండి కేరళమువఱకు వివిధ లిపులలో నున్న 1,259 వ్రాతప్రతులు ఆ కార్యమునకు ఉపయోగపడెను.

ఇప్పుడు నన్నయను చేత బట్టుదము. ఆదిపర్వము తృతీయాశ్వాసమున యయాతిచరిత్ర యున్నది. చతుర్థాశ్వాసమున శకుంతలోపాఖ్యానము వచ్చును. బొంబాయి ముద్రణమున చూచినచో శకుంతలకథ ముందు, యయాతికథ వెనుక. ఈ రెంటినే పోల్చిన విమర్శకుడు ఏమనును? "యయాతి పూరుని తండ్రి, దుష్యంతుడు ఆ పూరువంశమున పుట్టినవాడు. వ్యాసుడు కాలక్రమమును తప్పెను, నన్నయ తన కథాశిల్పముచే దానిని దిద్దెను" అనును. ఈ మాట చెవికి ఇంపుగ నుండును. మన ఆంధ్రాభిమానమునకు పోషకముగ గూడ నుండును. కాని దాక్షిణాత్యప్రతులలో యయాతియే ముందున్నాడు. రాజమహేంద్రవరమున నన్నయ యెదుట నున్న తాళపత్రములలో ఆ వరుసయే యుండెనని నమ్ముటకు ఇది బలమైన హేతువు. నన్నయ దిద్దలేదు, తనకు లభించినదానిని అనుసరించెను.

దీనివలన నన్నయ కీర్తికి లోపము కలిగెనని చింతింప బని లేదు. ఆయన శిల్పము కథావిచ్ఛేదమునందును, ప్రసన్నమైన కథాకలితార్థమునందును, అక్షరరమ్యతయందును వెదకిన కొలదియు దొరకును. ఆయనది కాని ఘనతను ఆయనపై మోపుట యెట్టిదో, ఆయనది కాని దోషమును ఆయనకు అంటగట్టుటయు అట్టిదే. ఔదీచ్యపాఠమున నున్న యొక శ్లోకము తెనుగున కానరానప్పుడు "నన్నయ వదలివేసెను" అనియు, లేనిది తెనుగున కన్పట్టినప్పుడు "నన్నయ కల్పించెను" అనియు తీర్పు చెప్పుట ఎంత సులభమో అంత అపాయకరము. వదలినవాడు నన్నయ కాక ఆయన మూలము కావచ్చును. కల్పించినవాడు ఆయనకు మున్నే గతించిన పేరులేని దాక్షిణాత్య లేఖకుడు కావచ్చును.

అయినచో అన్నింటికంటె శాస్త్రీయమైన పూనా ముద్రణమును చేపట్టినచో చిక్కు విడునుగదా యని చదువరులు తలపవచ్చును. ఇచ్చటనే మనము మిక్కిలి మెలకువతో నుండవలయును. పూనా పండితులు సాధించినది, లభించిన ప్రతులనుబట్టి చేరగలిగినంతలో అతిప్రాచీనమైన పాఠము. అది ఏ యొక్క కాలమునందును ఏ యొక్క రాజ్యమునందును ఎవరి చేతులలోను ఆ రూపమున నుండిన పుస్తకము కాదు. ముఖ్యముగ అది నన్నయ పుస్తకము కాదు. వ్యాసభారతము యొక్క ప్రాచీనరూపము మనకు కావలసినచో పూనా ముద్రణమునకు సాటి లేదు. నన్నయ తన మూలముతో ఎట్లు మెలగెనో తెలియవలసినచో దాక్షిణాత్యపాఠమును చూడవలయును. పూనా ముద్రణముననైనను పై వచనమును మాత్రము చదివి ఊరకుండక, పుట యడుగున చిన్న అక్షరములతో ఇచ్చిన పాఠాంతరములను, సంపుటాంతమున చేర్చిన పరిశిష్టములను శ్రద్ధతో పరిశీలింపవలయును. వ్యాసుని పలుకులను వినాయకుడు వ్రాసికొనెనను లోకప్రసిద్ధమైన కథ ఆ ముద్రణమున ప్రధానపాఠమునుండి తొలగి అట్టి పరిశిష్టమునకే చేరినది. ఆ పరిశిష్టము చెత్తబుట్ట కాదు. ఒక్కొక్క దేశము తన భారతమును ఎట్లు పెంచుకొనెనో తెలుపు చరిత్ర అందున్నది. తులన చేయువానికి అది గని.

మఱియొక విశేషము. నన్నయకు మూలనిర్ణయము చేయుటకు పూనా గ్రంథము మనకు తోడ్పడినట్లే, పూనా పండితులకు నన్నయయు తోడ్పడెను. పదునొకండవ శతాబ్దికి చేరిన తెలుగు భారతమును, జావాద్వీపపు ప్రాచీనభాషలోని భారతమును, క్షేమేంద్రుని "భారతమంజరి"ని, అక్బరు ఆస్థానమున పుట్టిన పారసీకానువాదమును వారు సాక్షులుగ గ్రహించిరి. అట్లు తులన వలన గ్రంథశుద్ధియు, గ్రంథశుద్ధి వలన తులనయు పరస్పరము పెంపొందును. తెలుగు కవిత్రయ భారతమునకును ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు వ్రాతప్రతులను సరిచూచి సంశోధిత ముద్రణమును ప్రకటించిరి. ఒకవైపు శుద్ధమైన సంస్కృతపాఠమును, మఱియొకవైపు అంగడి ప్రతిని పెట్టి పోల్చినచో ఒంటికాలి నడకయే యగును గనుక, రెండవ తట్టయందును ఇట్టి ముద్రణమునే పెట్టవలయును.

ఇంతవఱకు చెప్పినది పండితులకు మాత్రమే సంబంధించినదని యెవరైన తలచినచో, వేమన కబీరుల విషయము వారి కనులు తెఱపింపగలదు. కులభేదములను, విగ్రహారాధనలోని మూఢత్వమును, కపటసన్న్యాసులను ఖండించునపుడు సంస్కర్తలు ఈ యిరువురినే సాక్ష్యమునకు పిలుతురు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను అనేక వ్రాతప్రతులను తెప్పించి 1829లో వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించెను. 1839లో మఱికొన్ని పద్యములతో మరల ప్రకటించెను. పిమ్మట వచ్చిన అంగడి ప్రతులలో పద్యములు వందలనుండి వేలకు పెరిగెను. ఆటవెలది వ్రాయగలిగి, చివర "వేమ" యని చేర్చగలిగిన ప్రతివాడును వేమనయే యయ్యెను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు తమ వేమనోపన్యాసములలో ఈ చిక్కును ఎదుర్కొనవలసి వచ్చెను. పదునెనిమిదవ శతాబ్ది పూర్వార్ధముననే ఫ్రాన్సుదేశపు రాజగ్రంథాలయమునకు చేరిన యొక ప్రతిని ఆచార్య గోపిగారు పరిష్కరించి ప్రకటించుటతో బ్రౌనుకంటె ముందటి సాక్ష్యము మనకు లభించినది.

కబీరు విషయము ఇంతకంటెను జటిలము. ప్రపంచమునకు కబీరును చాటినది 1914లో లండనున రవీంద్రుని పేర వెలువడిన నూఱు పద్యముల ఇంగ్లీషు పుస్తకము. దానికి ఆధారము క్షితిమోహన సేనుగారు సాధువుల నోటనుండియు వ్రాతలనుండియు కూర్చి ప్రకటించిన సంగ్రహము. ఆ నూఱింటిలో అతి స్వల్పభాగమే ప్రాచీనమైన వ్రాతప్రతులలో కన్పట్టుచున్నదని తరువాతి పరిశోధకులు చూపిరి. 1928లో శ్యామసుందరదాసుగారి "కబీర్ గ్రంథావళి"యు, 1961లో పారసనాథ తివారిగారి సంశోధిత ముద్రణమును వెలువడినవి. కబీరుపంథీయుల "బీజకము", సిక్కుల ఆదిగ్రంథములోని కబీరు వాక్కులు, రాజస్థానపు ప్రతులు, ఈ మూడు పరంపరలలోను కబీరు ముఖము మూడు విధములుగ తోచును. ఒకదానిలో ఖండనము హెచ్చు. మఱియొకదానిలో భక్తి హెచ్చు. "వేమనకంటె కబీరు సౌమ్యుడు" అని గాని, "ఉభయులు ఒక్కటే" అని గాని చెప్పుటకు ముందు ఏ కబీరు, ఏ వేమన యని యడుగకుండ ఎట్లు?

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. "పద్యము ఎవరిదైన నేమి? అందలి నీతి మంచిదైనచో చాలదా?" అని కొందఱందురు. నీతిబోధకు చాలును, చరిత్రకు చాలదు. కులగర్వమును ఖండించు నొక పద్యమును వేమనదని చెప్పి సభలో చదివితిమనుకొనుడు. అది నిన్న మొన్న నెవరో కట్టినదని ప్రతిపక్షి నిరూపించినచో, ఓడిపోవునది ఆ పద్యము మాత్రము కాదు. దానితో మన న్యాయమైన వాదమునకును నవ్వుబాటు కలుగును. సత్యమైన కార్యమునకు కల్పితమైన సాక్షి అక్కఱలేదు. మఱియు పరపద్యమని తేలినంతమాత్రమున అది నిరర్థకము కాదు. మూడు వందల యేండ్ల క్రిందటి యొక యోగి యట్లు తలచెనని అది సాక్ష్యము చెప్పజాలదు గాని, తరువాతి తరముల తెలుగువారు తమ మనసులోని మాటను ఆయన పేర చెప్పుకొనిరని సాక్ష్యము చెప్పగలదు. అదియు గొప్ప సంగతియే. సాక్షి యెవరో తెలిసినప్పుడే సాక్ష్యమునకు విలువ.

గ్రంథములు పెరుగుట వలన కలుగు చిక్కులను చూచితిమి. తరుగుట వలన కలుగునవియు నున్నవి. తంజావూరి ప్రతాపసింహుని ఆస్థానమునందలి ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దిలో "రాధికాసాంత్వనము"ను రచించెను. 1887లో పైడిపాటి వేంకటనరసుగారు దానిని వ్యాఖ్యతో అచ్చువేయించిరి గాని, కవయిత్రి తన వంశమును తెలుపు పీఠికాపద్యములును మఱికొన్ని పద్యములును అందు లోపించెను. బెంగుళూరు నాగరత్నమ్మగారు ఆ లోపమును గుర్తించి, వ్రాతప్రతిని సంపాదించి సరిచూచి, 1910లో వావిళ్లవారిచే సమగ్రముగ ప్రకటింపజేసిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ కావ్యమును, కవయిత్రిని తీవ్రముగ నిందించిరి. 1911లో ప్రభుత్వము ఆ పుస్తకమును నిషేధించెను. ఆ నిషేధము 1947లో ప్రకాశము పంతులుగారి ప్రయత్నమున తొలగెను; 1952లో గ్రంథము మరల వెలువడెను.

పంతులుగారు స్త్రీలకు చేసిన మహోపకారమును మఱచువారు కృతఘ్నులు. అయినను ఈ విషయమున న్యాయము నాగరత్నమ్మగారి పక్షముననే యున్నదని చెప్పక తప్పదు. స్త్రీలు చదువవలెను, వ్రాయవలెను అని కోరిన ఉద్యమమే ఒక స్త్రీ వ్రాసిన పుస్తకమును ఆమె పుట్టువునుబట్టియు శృంగారమునుబట్టియు తోసివేయుట విచారకరము. ఆ శృంగారమే పురుషకవులలో క్షమింపబడెను. గ్రంథనిర్ణయ దృష్టితో చూచినచో దీని ఫలిత మిది: మొల్లను, ముద్దుపళనిని, ఇతర భాషల కవయిత్రులను పోల్చి స్త్రీల కవిత్వచరిత్ర వ్రాయ దలచినవానికి 1887 నాటి ప్రతి దొరికినచో, ఒక స్త్రీ తనకు విద్య గఱపినవారిని, తన తల్లిని అవ్వను గర్వముతో పేర్కొన్న భాగమే కనబడదు. కవయిత్రి గొంతు లేకుండ కవిత్వము మాత్రము మిగులును. ఇది కలము పొరపాటు కాదు, కత్తెర వేటు. అచ్చు పుస్తకమున ఏమున్నదో చూచుట యెంత ముఖ్యమో, ఏమి తీసివేయబడినదో విచారించుట అంత ముఖ్యము.

ఇన్ని నిదర్శనములనుండి గృహస్థులకును విద్యార్థులకును పనికివచ్చు కొన్ని నియమములు తేలుచున్నవి. మొదటిది, పుస్తకము కొనుటకు ముందు ప్రశ్నను స్పష్టము చేసికొనవలయును. మూలకవిని గూర్చిన ప్రశ్నకు ఒక పుస్తకము, అతనిని చదివిన పరకవిని గూర్చిన ప్రశ్నకు మఱియొకటి కావలయును. రెండవది, పీఠికను చదువక గ్రంథమును నమ్మరాదు. సంపాదకుడు ఎన్ని ప్రతులను చూచెను, అవి ఏ దేశపువి, వేనిని గ్రహించి వేనిని విడిచెను, ఏల విడిచెను అను విషయములను దాచిన పీఠిక ఎంత మధురముగ నున్నను లెక్కకు రాదు. మూడవది, అనువాదమైనచో అది నేరుగ మూలమునుండి వచ్చినదా, మధ్య మఱియొక భాష యున్నదా, ఏ మూలముద్రణమునుండి వచ్చినది అని విచారింపవలయును. మన తెలుగున ఫ్రెంచి, రష్యను నవలలు పెక్కు ఇంగ్లీషు మీదుగ వచ్చినవని ఎఱుగుదుము. వానినిబట్టి ఆయా రచయితల వాక్యశైలిని మన రచయితల శైలితో పోల్చుట వ్యర్థము. కథను, పాత్రలను పోల్చవచ్చును. నాలుగవది, క్రొత్త ముద్రణమెల్ల మేలైనది కాదు. పాత తప్పులను క్రొత్త కాగితముపై అచ్చువేసినవి అనేకము. పై యట్టలోని బంగారు అక్షరములు లోపలి పాఠమును శుద్ధి చేయజాలవు.

"ఇన్ని పుస్తకములు మేమెక్కడ తెత్తుము?" అని సామాన్య పాఠకుడు నిరుత్సాహ పడవచ్చును. అట్టివారికి ఎరిక్ ఆవర్బాకు చరిత్ర ధైర్యమీయగలదు. యూదుడగుటచే ఆయన 1935లో జర్మనీలోని మార్బుర్గు విశ్వవిద్యాలయమున ఉద్యోగము కోల్పోయి మరునాటి సంవత్సరము ఇస్తాంబులునకు చేరెను. అచ్చట యూరపు పరిశోధనగ్రంథములు గల గొప్ప పుస్తకభాండారము ఆయనకు అందుబాటులో లేకుండెను. ఆ స్థితిలోనే 1942 మొదలు 1945 వఱకు ఆయన హోమరు మొదలుకొని ఇరువదవ శతాబ్ది నవలవఱకు పాశ్చాత్యసాహిత్యమును తులనచేసి "మిమేసిస్" అను గ్రంథము వ్రాసెను. అది 1946లో బెర్ను నగరమున అచ్చయ్యెను. ప్రత్యేక పరిశోధనగ్రంథము లన్నియు దొరికియున్నచో బహుశః ఆ పుస్తకము పుట్టియే యుండదని ఆయనయే దాని చివర చెప్పికొనెను. ఆయన చేసిన పని ఏమనగా, ఒక్కొక్క గ్రంథమునుండి చిన్న భాగము నెత్తికొని దానిని మూలభాషలో పట్టిపట్టి చదువుట. గ్రంథసంఖ్య తక్కువైనను మూలము దగ్గఱ నున్నచో పని సాగును. మూలము లేక, దానిపై వ్రాసిన నూఱు వ్యాఖ్యానము లున్నను సాగదు.

మన దేశమున గ్రంథాలయోద్యమము ఈ కొఱతను తీర్చుటకే పుట్టినది. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918లో వేటపాలెమున వెలసిన సారస్వతనికేతనము మొదలగునవి సామాన్యుల చందాలతోను త్యాగముతోను పెరిగినవి. అట్టి నిలయములకు పుస్తకములు కొనువారు ఒక్క మాట ఆలోచింపవలయును: పది అంగడి ప్రతులకు బదులు ఒక్క సంశోధిత ముద్రణము. ఇంటింట అట్టివి కొనుట సాధ్యము కాదు. ఊరికొక్కటి కొనుట అసాధ్యము కాదు.

తులన చేయువాడు న్యాయాధిపతివంటివాడు. ఆతని తీర్పు వలన ఒక కవి పెద్దవాడగును, ఒకడు చిన్నవాడగును. ఒక భాషకు గర్వము, ఒక భాషకు చిన్నతనము కలుగును. ఒక్కొక్కప్పుడు ఒక స్త్రీ గొంతు నూఱేండ్లు వినబడకుండ పోవును. కాబట్టి సాక్షిని పేరడుగక, ఊరడుగక తీర్పు చెప్పరాదు. మంచి గ్రంథమును ఎన్నుకొనుట పాండిత్యప్రదర్శనము కాదు, మృతులైన కవులకు మనము చేయదగిన మొదటి న్యాయము. ఆ న్యాయము జరిగిన పిమ్మట నన్నయ నన్నయగ, వేమన వేమనగ, ముద్దుపళని ముద్దుపళనిగ మన యెదుట నిలుతురు. వారిని ఎవరితో పోల్చినను అప్పుడు భయము లేదు.